అంకెలు చదివిన దసరా సెలవులు

సుశీల మేడం పోయారని వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను హుజూర్‌నగర్‌లో మా కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. పదకొండో రోజున కోదాడ వెళ్లాను. ముందు గదిలో ఆవిడ ఫోటో పెట్టి బంతిపూల దండ వేశారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు చాలామందే వచ్చారు. భోజనాలకు ముందు ఒక్కొక్కరూ లేచి రెండు మాటలు మాట్లాడారు. నన్నూ మాట్లాడమన్నారు. ఆవిడ పాఠం ఎంత బాగా చెప్పేవారో, మొద్దు ప్రశ్నలకు కూడా ఎంత ఓపికగా బదులిచ్చేవారో చెప్పి కూర్చున్నాను. అవన్నీ నిజాలే. కానీ ఆవిడ నాకు చేసిన అసలు మేలు గురించి చెప్పలేకపోయాను. అది చెప్పాలంటే ఒక పోలీసు ఠాణా గురించి చెప్పాలి, ఒక పిల్లవాడి చేతివేళ్ల గురించి చెప్పాలి. విస్తళ్లు వేస్తున్న వేళ ఆ మాటలు నోటికి రాలేదు. ఇంటికొచ్చాక రాస్తున్నాను.

మాది మోతె దగ్గర ఒక చిన్న ఊరు. గొర్ల ఇల్లు. వానాకాలం వచ్చిందంటే మా ఇంట్లో తడిసిన గొంగడి వాసన, గొర్రెపాల వాసన, అమ్మ కాల్చే జొన్నరొట్టెల వాసన కలిసి ఒకటే వాసనగా ఉండేవి. కోదాడలో కిరాయి గదికి వెళ్లాక కూడా నా పుస్తకాలు తెరిస్తే అదే వచ్చేది. పక్క అమ్మాయిలు ముక్కు మూసుకుంటే మొదట్లో సిగ్గుపడ్డాను, తర్వాత మానేశాను. ఈనిన గొర్రెల పిల్లల్ని గంపల కింద మూసి నా మంచం పక్కనే పెట్టేవారు. నేను పైకి చదువుతుంటే అవి గంపల కింద నుంచి అరిచేవి. మా నాయిన ఇంట్లో మనుషులతో మాట్లాడిన దానికంటే మందతోనే ఎక్కువ మాట్లాడేవాడు. పొద్దున్నే దొడ్డిలోకి దిగి ఒక్కొక్క గొర్రె చెవి పట్టి చూసేవాడు. చెవి వేడిగా ఉంటే ఆ రోజు దాన్ని మేతకు తోలడు. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుంటే తప్ప గడప దాటడు. నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించడానికి ఆయన ఎవరితో ఎంత పోట్లాడాడో నాకు తర్వాత అమ్మ చెప్పింది. నాతో మాత్రం ఒక్కటే అన్నాడు. "సదువుకో బిడ్డా. నడిమిట్ల ఇడిసిపెట్టకు." నా పేరు లింగమ్మ. పెద్దగట్టు మీది మా కులదేవుడి పేరు. మా ఇళ్లల్లో ఇంటికొకరికి ఆ పేరు ఉంటుంది.

సుశీల మేడం జగ్గయ్యపేట వైపు మనిషి. పెళ్లై కోదాడ వచ్చారు. మాట అంతా అటువైపుదే. "ఏమ్మా లింగమ్మా, చెప్పండి, ఎందుకలా అయింది?" అని విద్యార్థుల్ని కూడా 'మీరు' అనేవారు. ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఆవిడ మాకు సంఖ్యా సిద్ధాంతం చెప్పారు, దాని మీద కట్టిన క్రిప్టోగ్రఫీ చెప్పారు. అప్పటిదాకా నేను చదివిన లెక్కలన్నీ ఎందుకో తెలియకుండా చేసినవే. ఇది అలా కాదు. మొదటి రోజే ఆవిడ బోర్డు మీద పదకొండు, ఇరవై మూడు వేసి గుణించారు. రెండు వందల యాభై మూడు వచ్చింది.

"ఈ రెండు వందల యాభై మూడుని నేను ఊరందరికీ చెప్పేస్తాను. నాకు రహస్యంగా ఒక మాట పంపాలనుకున్నవాళ్లు ఇంగ్లీషు అక్షరానికో అంకె వేసుకోవాలి. ఏ అంటే ఒకటి, బి అంటే రెండు. ఆ అంకెని ఘనం చేసి, రెండు వందల యాభై మూడుతో భాగించి, మిగిలిన శేషం నాకు చెబితే చాలు. నడిరోడ్డు మీద అరిచి చెప్పినా ఫరవాలేదు. శేషం నుంచి వెనక్కి అక్షరానికి రావాలంటే లోపలున్న పదకొండూ, ఇరవై మూడూ తెలియాలి. ఇవి చిన్న అంకెలు కాబట్టి మీరు విడగొట్టేస్తారు. వందల స్థానాలున్న సంఖ్య ఇస్తే ప్రపంచంలో ఎవరూ విడగొట్టలేరు."

అరిచి చెప్పినా ఫరవాలేదన్న మాట నన్ను పట్టేసుకుంది. రహస్యం అంటే గుసగుసలాడేదని, కొంగు చాటున దాచేదని అనుకునే ఇళ్లల్లోంచి వచ్చినదాన్ని. అందరి ముందూ చెప్పినా రహస్యంగానే ఉండే మాట ఒకటుంటుందని అప్పుడే తెలిసింది.

మా క్లాసులో బాలు నాయక్ అని ఉండేవాడు. మిర్యాలగూడ దగ్గర ఒక తండా నుంచి వచ్చాడు. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. నల్లగా, సన్నగా, ఎప్పుడూ చొక్కా చేతులు మడిచి ఉండేవాడు. నాకంటే వేగంగా లెక్క చేసేవాడు, నాకంటే ఎక్కువ తప్పులు చేసేవాడు. తప్పు దొరికితే తనే ముందు నవ్వేవాడు. దసరా సెలవులకు మేడం మమ్మల్ని ఇద్దరిద్దరుగా జతలు చేసి ఒక పని ఇచ్చారు. సెలవుల్లో ఒకరికొకరు ఫోన్లో అంకెలు చెప్పుకోవాలి, విన్నవాళ్లు విప్పాలి, ఏం విప్పారో కాలేజీ తెరిచాక చూపించాలి. నాకు బాలు జత పడ్డాడు. నా సంఖ్య, మేడం బోర్డు మీద వేసిన ఆ రెండు వందల యాభై మూడే.

మా ఊళ్లో ఫోన్ అంటే జానయ్య ఎస్టీడీ దుకాణమే. కిరాణా సామాను మధ్యలో చిన్న అద్దాల డబ్బా, దానికి సరిగా పడని తలుపు. బాలు మిర్యాలగూడ వచ్చి అక్కడొక ఎస్టీడీ నుంచి చేసేవాడు. ఆ పక్కనే బియ్యం మిల్లు. ఫోన్ ఎత్తగానే మిల్లు హోరు వినిపించేది. అందుకని వాడు అరిచేవాడు, నేనూ అరిచేదాన్ని. "అరవై ఆరు! విన్నవా? అరవై ఆరు! తర్వాత నూటా యాభై మూడు!" నేను మళ్లీ చెప్పి, సరిచూసుకుని రాసుకునేదాన్ని. ఒక మాట కూడా ఉండదు, అన్నీ అంకెలే. ఉప్పుకో, సబ్బుకో వచ్చినవాళ్లు నిలబడి వినేవారు. ఒకసారి జానయ్య నవ్వుతూ అడిగాడు కూడా. "ఏంది బిడ్డా, ఎప్పుడు సూసినా నంబర్లే. మట్కానా ఏంది?" లెక్కలు, కాలేజీ పని అన్నాను. తలూపాడు. నమ్మాడో లేదో నేను చూడలేదు.

ఆ రోజులు ఎలాంటివో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. మా వైపు అన్నల తిరుగుడు ఇంకా ఉండేది. అడవిలో ఉన్నవాళ్లను ఊళ్లల్లో అన్నలనే అనేవారు. వాళ్లొస్తే అన్నం పెట్టకపోతే భయం, పెడితే పోలీసుల భయం. చదువుకునే పిల్లల మీద ఇద్దరి కళ్లూ పడేవి. ఏదో ఒక ఊళ్లో కుర్రవాణ్ణి జీపులో తీసుకుపోయారని వినేవాళ్లం. తర్వాత ఏమయ్యాడో వినిపించేది కాదు, లేదా పేపర్లో వచ్చేది. ఎస్టీడీలు నడిపేవాళ్లందరికీ పోలీసులు చెప్పి పెట్టారట, వింతగా ఎవరైనా మాట్లాడితే తెలియజేయమని. అది నాకు తెలియదు. మేడంకు అసలే తెలియదు.

ఇంకో అనుమానం కూడా నా వెనక నడుస్తోందని నాకు తెలియలేదు. ఫోన్ చేసేది మగపిల్లవాడని ఊరందరికీ తెలుసు. అమ్మ రొట్టె కొడుతూ ఒకరోజు అడిగింది. "గా పోరడు ఎవరు లింగమ్మా?" చెప్పాను. ఆమె పిండి ముద్దను రెండు చేతుల మధ్య తిప్పుతూ నావైపే చూసింది.

జీపు ఒక ఉదయం వచ్చింది. నాయిన మందను అప్పుడే దొడ్డిలోంచి విప్పాడు. గొర్రెలు సందంతా నిండి ఉన్నాయి, వాటి మధ్య జీపు ఆగి హారన్ కొడుతోంది. ఇద్దరు పోలీసులు దిగారు. వాళ్ల వెంట ఒక ఆడ కానిస్టేబులు ఉంది. ఆమెను చూశాకే, వచ్చింది నాకోసమని అర్థమైంది.

"లింగమ్మ అంటే ఎవరు? ఫోన్ల నంబర్లు చెప్పే పిల్ల?"

అమ్మ ఏడుపు అందుకుంది. నాయిన కర్ర గోడకానించి, మందను పక్కింటాయనకు అప్పజెప్పి, "నేనుగూడ వస్త సారూ" అన్నాడు. మా చిన్నాయన మల్లేష్ బండి మీద వెనకే వస్తానన్నాడు. జీపు ఎక్కేముందు నేను చిన్నాయనతో ఒక్కటే చెప్పాను. "సుశీల మేడంకు ఫోన్ చెయ్యి చిన్నాయనా. నంబరు నా పుస్తకం అట్ట లోపల ఉంది." ఆయన పుస్తకం కోసం ఇంట్లోకి పరిగెత్తాడు. జీపులో నాయిన, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. దారి పొడుగునా ఆయన నావైపు చూడలేదు. గొంగడి అంచు పట్టుకుని పీకుతూ కూర్చున్నాడు.

ఏ ఠాణానో రాయను. హైవే పక్కన ఉండేది. లారీలు పోయినప్పుడల్లా కిటికీ చువ్వలు అదిరేవి. బయట నేల మీద ఒక లంబాడీ ఆమె కూర్చుని ఉంది. అద్దాల రవికె, చేతుల నిండా తెల్లటి గాజులు. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. బాలు వాళ్లమ్మ అని నాకు తట్టింది. బాలును ముందే తెచ్చారన్నమాట.

ఎస్సై పెద్ద వయసువాడు కాదు. కళ్ల కింద నలుపు. నన్ను నిలబెట్టి అడిగాడు.

"అరవై ఆరు అంటే ఏంది?"

"అక్షరం సార్. కె."

"కె అంటే ఎవరు?"

"ఎవరూ కాదు సార్. అక్షరం. ఇది లెక్క."

"గాడు గూడ గదే అంటుండు. ఇద్దరికి మంచిగ నేర్పిన్రు. ఎవరు నేర్పిన్రు?"

మా మేడం అన్నాను. కాలేజీలోనా అన్నాడు. అవునన్నాను. పోలీసులకు తెల్వకుండ మాట్లాడుకునుడు కాలేజీల నేర్పుతున్నరా అని బల్ల మీద చరిచాడు. ఆ ప్రశ్నకు ఏం చెప్పను? నిజం చెబితే అవుననే చెప్పాలి. ఎవరికీ తెలియకుండా మాట్లాడుకోవడమే మేం నేర్చుకుంటున్నది. పక్క గదిలోంచి ఎవరో దగ్గిన చప్పుడైంది. బాలు దగ్గు నాకు తెలుసు.

అప్పుడే చిన్నాయన వచ్చాడు. మేడంకు ఫోన్ చేశానన్నట్టు నాకు కళ్లతోనే సైగ చేశాడు. ఎస్సై ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపు విన్నాడు. ఆ తర్వాత, నేనెప్పుడూ అనుకోని మాట అన్నాడు.

"సార్, దాసెతందుకు ఏం లేదు. పిల్లలిద్దరు ఇష్టపడ్డరు. ఇంట్ల తెలుస్తదని నంబర్లల్ల మాట్లాడుకుంటున్నరు. అన్నలు లేరు, గిన్నలు లేరు. మా పిల్లను తోలియ్యున్రి, మేం సంబంధం సూసి పంపిస్తం. ఆ పోరన్ని మీరేం జేస్కుంటరో మీ ఇష్టం."

ఎస్సై ముఖం తేలికపడింది. అది ఆయనకు తెలిసిన కథ. ఎన్నోసార్లు విన్న కథ. నా లెక్క కంటే అది నమ్మడం ఎంతో సులువు. నాయిన మాత్రం నావైపు తిరిగి చూశాడు. జీపెక్కినప్పటి నుంచి అదే మొదటిసారి చూడడం. ఆ చూపులో కోపం లేదు. అడుగుతున్నాడు.

"అబద్ధం నాయినా," అన్నాను.

"నోర్ముయ్," అన్నాడు చిన్నాయన. "పానాలు దక్కాల్నంటె ఒప్పుకో."

ఎస్సై లేచి పక్క గదిలోకి వెళ్లాడు. కాసేపటికి తిరిగొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ పిలగాడు ఒప్పుకున్నడు. ప్రేమే అని సంతకం పెట్టిండు. నువ్వు గూడ పెట్టు. మీ నాయినెంబడి ఇంటికి పో." తెల్ల కాగితం, పెన్ను నా ముందుకు తోశాడు.

ఆ కాగితం వైపు చూస్తూ నేను ఆలోచించిన ఆలోచనలు ఇప్పటికీ ఒక్కటొక్కటీ గుర్తున్నాయి. సంతకం పెడితే నేను ఇంటికి పోతాను. నా చదువు అక్కడితో అయిపోతుంది, ఏడాది తిరక్కుండా ఎవరింట్లోనో ఉంటాను. అది నా సంగతి. బాలు సంగతి వేరే. తండా పిలగాడు మా ఇంటి పిల్లతో అని కాగితం మీదకెక్కితే చిన్నాయన వాణ్ణి ఊరికే వదలడు, పోలీసులూ వదలరు. వాడు పెట్టాడంటే ఎంత కొడితే పెట్టి ఉంటాడు? వాణ్ణి నేను తప్పు పట్టలేదు. కానీ వాడు పెట్టాడని నేనూ పెడితే ఆ అబద్ధం నిజమైపోతుంది. కనీసం ఒక్కరి దగ్గరైనా అది ఆగాలి.

"పెట్టను సార్," అన్నాను. "అది లెక్కే."

ఎస్సై లేచాడు. ఆడ కానిస్టేబులు నా దగ్గరగా వచ్చింది. సరిగ్గా అప్పుడే వరండాలోంచి సుశీల మేడం గొంతు వినిపించింది. ఎవరో ఆపుతుంటే, "నన్నెందుకాపుతారు? ఆ అంకెలు ఇచ్చింది నేను. పట్టుకుంటే నన్ను పట్టుకోండి," అంటోంది. కోదాడ నుంచి వచ్చిన బస్సు దిగి ఎండలో నడిచొచ్చింది. జాకెట్టు చెమటకు తడిసిపోయింది, చేతిలో సంచి. లోపలికొచ్చి నమస్కారం పెట్టి, ఎవరూ కూర్చోమనకుండానే బల్ల ముందు కూర్చుంది. సంచిని ఒళ్లో గట్టిగా పట్టుకుంది. గొంతు మాత్రం క్లాసులో ఉన్నట్టే ఉంది.

"మీది ఏ ఊరు మేడం?" అన్నాడు ఎస్సై.

చెప్పింది. ఏ పేపర్లో ఏ పాఠమో చెప్పింది. సంచిలోంచి పుస్తకం తీసి చూపించింది. ఆయన తిరగేసి పక్కన పెట్టాడు. పుస్తకంలో ఉన్నంత మాత్రాన వీళ్లు మాట్లాడుకున్నది అదేనని ఏం నమ్మకం అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మేడం పుస్తకం తిరిగి సంచిలో పెట్టింది.

"అయితే మీరే చూడండి. మీకు తోచిన మాట ఒకటి ఆ అబ్బాయికి చెవిలో చెప్పండి. నాకు చెప్పొద్దు, ఈ అమ్మాయికి చెప్పొద్దు. అతను దాన్ని అంకెలు చేసి రాస్తాడు. ఆ అంకెలు తెచ్చి ఈ అమ్మాయికివ్వండి. మీ మాట మీకు తిరిగి చెబుతుంది. చెప్పలేకపోతే మీ ఇష్టమొచ్చినట్టు చెయ్యండి."

చివరి మాట విని నాయిన ఉలిక్కిపడ్డాడు. నేనూ పడ్డాను. ఎస్సై మాత్రం మొదటిసారి కుతూహలంగా చూశాడు. లేచి పక్క గదిలోకి వెళ్లాడు. తలుపు మూశారు. లారీలు పోతూనే ఉన్నాయి. చాలాసేపటికి హెడ్ కానిస్టేబులు ఒక చిన్న కాగితం పట్టుకొచ్చాడు. బాలు రాసిన కాగితం ఇవ్వలేదు. అందులో ఏమైనా గుర్తు పెడతాడేమోనని అంకెలు వేరే కాగితం మీద తిరగరాయించారు. ఆరు అంకెలు. అరవై ఆరు, నూటా యాభై మూడు, పదమూడు, ఇరవై ఒకటి, ఆరు, రెండు వందల ఇరవై మూడు.

అంకెలు చెయ్యడం తేలిక, ఘనం చేసి భాగించడమే. విప్పడం కష్టం. ఒక్కో అంకెను అదే అంకెతో గుణిస్తూ, ప్రతిసారీ రెండు వందల యాభై మూడుతో భాగిస్తూ, చాలా దూరం పోవాలి. ఎక్కడ ఒక్క తప్పు చేసినా ఆ అక్షరం పోతుంది. ఎస్సై నా తలమీద నిలబడ్డాడు. నా చేతి చెమటకు కాగితం అంటుకుపోతోంది. మొదటిది పదకొండు వచ్చింది. కె. రెండోది ఇరవై ఒకటి, యు. మూడోది పద్దెనిమిది, ఆర్. కొంచెం ఊపిరి ఆడింది. నాలుగోది విప్పాను. డెబ్బై ఆరు వచ్చింది.

ఇంగ్లీషులో ఇరవై ఆరు అక్షరాలే. డెబ్బై ఆరో అక్షరం ఎక్కడిది? మళ్లీ చేశాను. మళ్లీ డెబ్బై ఆరే. మేడం నా ముఖం చూసి తన ముఖం తిప్పేసుకుంది, సైగ చేసిందంటారని. చిన్నాయన గోడకు ఆనుకుని "సంతకం పెడితె అయిపోయేది" అని గొణిగాడు. దాన్ని అలాగే వదిలి అయిదోది, ఆరోది చేశాను. ఎనిమిది, తొమ్మిది. హెచ్, ఐ.

కె, యు, ఆర్, ఖాళీ, హెచ్, ఐ. పైకి అనకుండా చదువుకున్నాను. ఖాళీలో సి పడితే ఒక మాట అవుతుంది. సి అంటే మూడు. మూడు ఘనం ఇరవై ఏడు. కాగితం మీద ఉన్నది ఇరవై ఒకటి. ఏడు తల మీది అడ్డగీత సరిగా పడకపోతే ఒకటిలా ఉంటుంది.

"సార్," అన్నాను. "మీరు చెప్పింది కుర్చీ. కానీ ఈ కాగితంల ఒక తప్పుంది. నాలుగోది ఇరవై ఒకటి కాదు. బాలు ఇరవై ఏడు రాసి ఉంటడు. దించినోళ్లు తప్పు రాసిన్రు."

హెడ్ కానిస్టేబులు ఎర్రబడిపోయి, తను ఉన్నదున్నట్టే రాశానన్నాడు. ఎస్సై పక్క గది తలుపు దాకా వెళ్లి, అక్కణ్ణుంచే అడిగాడు.

"ఏయ్, నాలుగో నంబర్ ఎంత?"

"ఇరవై ఏడు సార్," అంది లోపలి గొంతు.

ఎస్సై వెనక్కి వచ్చి బాలు రాసిన కాగితాన్నీ, నా కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. క్షమించమనలేదు. ఇద్దర్నీ పంపించేయమన్నాడు. "ఫోన్లల్ల ఇసొంటివి పెట్టకుండ్రి మేడం. కాలం మంచిగ లేదు," అన్నాడంతే. బాలు బయటికొచ్చాడు. కుడిచెయ్యి చొక్కా మడతలో దాచుకుని, తల వంచుకుని మా పక్క నుంచే నడిచిపోయాడు. వాళ్లమ్మ వాడి భుజం చుట్టూ చెయ్యి వేసి రోడ్డు వైపు లాక్కుపోయింది. మాట్లాడే వీల్లేకపోయింది.

ఇంటికి పోయే బస్సులో నాయిన అడిగాడు. "సంతకం పెట్టుమంటె ఎందుకు పెట్టలే?"

"అబద్ధం గద నాయినా."

గొంగడి భుజం మీదికి లాక్కున్నాడు. "ఊర్ల మాట్లాడుతరు. మాట్లాడనీ," అన్నాడు. ఊళ్లో మాట్లాడారు. అమ్మను బావి దగ్గర అడిగినవాళ్లున్నారు. అనుకున్న సంబంధం ఒకటి వెనక్కి పోయింది. చిన్నాయన ఏడాది దాకా మా గడప తొక్కలేదు. కాలేజీ తెరిచిన రోజు నాయిన గొంగడి భుజాన వేసుకుని నాతోపాటు కోదాడ వచ్చాడు. సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, మూటలోని రొట్టె తిని, నేను బయటికొచ్చాక లేచి వెళ్లిపోయాడు. ఆయన అలా వచ్చి కూర్చున్నాక ఊళ్లో ఎవరూ నా చదువు గురించి ఆయనతో ఎత్తలేదు.

బాలు రాలేదు. మేడం, నేను తండాకు వెళ్లాం. వాళ్లమ్మ మంచం వాల్చి, నీళ్లిచ్చి, వచ్చీరాని తెలుగులో అంది. "సదువు వద్దమ్మా. కొడుకు బతికిండు. సాలు." బాలు లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుడిచేతి రెండు వేళ్లకు కట్టు ఉంది. ఆ రోజు ఏడుకు తల ఎందుకు పడలేదో అప్పుడు నాకు తెలిసింది. వచ్చే ఏడాది వస్తానన్నాడు. రాలేదు. తర్వాత ఎప్పుడో బీఎడ్ చేసి బడిపంతులు అయ్యాడని విన్నాను. మేడం మాత్రం నేను పరీక్ష రాసేదాకా, ఉద్యోగం వచ్చేదాకా నన్ను విడిచిపెట్టలేదు. ఆ రోజు గురించి మేమిద్దరం మళ్లీ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు నా క్లాసులో పిల్లలందరి జేబుల్లో ఫోన్లున్నాయి. మీరు టీ తాగి ఫోన్లో డబ్బులు పంపిన ప్రతిసారీ లోపల ఇలాంటి లెక్కే నడుస్తుందని చెబుతాను. వాళ్లకు ఆశ్చర్యం ఉండదు. ఉండాలని నేనూ అనుకోను. అప్పుడు మేం అంకెలు పైకి చదివితే ఊరంతా విన్నది, విని భయపడింది. ఇప్పుడు ఎవరికీ ఏమీ వినిపించదు, ఎవరూ భయపడరు. మొన్న ఎవడో బ్యాంకు నుంచని ఫోన్ చేస్తే అమ్మ ఓటీపీ చదవబోయింది, నేను ఫోన్ లాక్కున్నాను. "నంబర్లే గద బిడ్డా, నంబర్లు చెప్తె ఏమైతది?" అంది. ఆ మాట అన్నది మా అమ్మేనా అని ఆమె ముఖం చూశాను. ఆమెకు ఆ ఉదయం, ఆ జీపు గుర్తే లేనట్టుంది. మరిచిపోగలగడం కూడా ఒక సుఖమే కావచ్చు. నేను మాత్రం హైవే మీద బస్సులో పోతూ ఆ చోటు దాటేటప్పుడు ఇవతలి కిటికీ వైపే చూస్తాను.

మేడం ఇంట్లో భోజనాల దగ్గర ఎవరో నా పక్కన వచ్చి కూర్చున్నారు. జుట్టు సగం నెరిసింది. ఎడమచేత్తో గ్లాసు పట్టుకున్న తీరు చూసి కాదు, "ఉప్పు తక్కువైంది గద" అన్న గొంతు విని గుర్తుపట్టాను. బాలు. ఇద్దరం కలిసే బయల్దేరాం. మిర్యాలగూడ బస్సు హుజూర్‌నగర్ మీదుగానే పోతుంది. పిల్లల గురించి, బదిలీల గురించి మాట్లాడుకున్నాం. ఊరు దాటాక వాడు కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"లింగమ్మా, ఒక్కటి చెప్తా, ఏమనుకోకు. నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టినందుకు నేనెప్పుడు తప్పు పట్టలే."

నాకు అర్థం కాలేదు. "ఏ సంతకం?"

"గదే. మీ చిన్నాయన చెప్పిన ముచ్చట. నువ్వు పెట్టినవని ఎస్సై నాకు చెప్పిండు. నన్నుగూడ పెట్టుమన్నడు. నేను పెట్టలే. పెడితె నిన్ను సదువు మాన్పిస్తరని."

బస్సు ఏదో ఊళ్లో ఆగింది, మనుషులు ఎక్కారు, దిగారు. మళ్లీ కదిలాక చెప్పాను. "నువ్వు పెట్టినవని నాకు చెప్పిండు బాలూ. నేనూ పెట్టలేదు."

వాడు నావైపు తిరిగాడు. ఇన్నేళ్లూ ఇద్దరం ఒకరినొకరం మనసులోనే మన్నించుకుంటూ, చెబితే ఎదుటివాళ్లు సిగ్గుపడతారని చెప్పకుండా ఉండిపోయాం. మన్నించాల్సిందేమీ లేదని ఆ బస్సులో తెలిసింది. వాడు ముఖం తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

"హుజూర్‌నగర్, హుజూర్‌నగర్ దిగేటోళ్లు రావాలె," అని కండక్టర్ అరిచాడు. నేను లేవలేదు. మిర్యాలగూడ దాకా ఇంకో టికెట్ తీసుకున్నాను.